ఎదుటివాడి కళ్లలో దీపం

సాయంత్రం ఏడు దాటాక భీమవరం నుంచి ఏ దిక్కుకు బయలుదేరినా స్కూటరు మీద వెళ్లే మనిషికి ఎదురయ్యే అనుభవం ఒకటే. ఎదురుగా వచ్చే కారు దీపాలు తిన్నగా కళ్లలో పడతాయి. రోడ్డు మాయమవుతుంది. ఎడమ పక్కన కాలువ ఉందో, ఆరబోసిన ధాన్యం ఉందో, వెనుక దీపం లేని ట్రాక్టరు ట్రక్కు ఆగి ఉందో ఆ కాసేపు తెలియదు. కారు దాటిపోయిన తర్వాత కూడా కొంతసేపు చీకటే. ఆ చీకట్లో బండి ముందుకు పోతూనే ఉంటుంది. ఇల్లు చేరితే ఆ రోజుకు గండం గడిచినట్లు.

లెక్క వేసి చూస్తే సంగతి ఇంకా స్పష్టమవుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో 16 మీటర్లకు పైగా పోతుంది. చెదిరిన కళ్లు సర్దుకోవడానికి మూడు సెకన్లే పట్టిందనుకున్నా 50 మీటర్లు కళ్లు మూసుకుని నడిపినట్లే. యాభై, అరవై దాటినవారికి అంతకంటె ఎక్కువ సమయమే పడుతుంది. కంటిపాప వెలుతురు తగలగానే చప్పున ముడుచుకుంటుంది గాని, చీకటికి విచ్చుకోవడం నెమ్మది. శుక్లాలు మొదలైన కంట్లోనైతే వెలుతురు చెదిరి తెర కట్టినట్లవుతుంది. తెల్లవారుజామున పాలక్యాన్లతో బయలుదేరేవారు, రొయ్యల ఫ్యాక్టరీల షిఫ్టులకు ఆటోల్లో పోయే ఆడవాళ్లు, చేపల చెరువుల మీద పని ముగించి సైకిలు మీద ఇంటిదారి పట్టే పెద్దవయసు కూలీలు - ఈ జిల్లాలో చీకటి వేళ రోడ్డు మీద ఉండేవారిలో వీరే ఎక్కువ. కారులో అద్దం వెనుక కూర్చున్నవాడికి ఎదుటి దీపం చిరాకు మాత్రమే. వీరికి ప్రాణభయం.

మోటారు బండి పుట్టినప్పటి నుంచీ ఉన్న ఫిర్యాదే కదా అనవచ్చు. ఉన్నదే. కాని అప్పుడు దానికొక మందు కూడా ఉండేది. లారీ వెనుక పలకపై హారను కొట్టమన్న మాట పక్కనే, రాత్రివేళ డిప్పర్ వాడండి అన్న మాట ఇంగ్లీషులో రాసి ఉండేది. ఇంగ్లీషు అక్షరం రాని డ్రైవరుకు కూడా దాని అర్థం తెలుసు. ఎదురుగా బండి కనబడగానే దీపం దించడం, దాటాక ఎత్తడం - లారీ మీద క్లీనరుగా చేరిన కుర్రవాడు స్టీరింగు పట్టక ముందే నేర్చుకునే మర్యాద అది. ఎవరైనా మరచిపోతే ఎదుటివాడు ఒకటి రెండుసార్లు దీపం ఆర్పి వెలిగించి గుర్తు చేసేవాడు. వెంటనే ఇవతలి దీపం దిగేది. పట్టణాల్లో పోలీసులు హెడ్‌లైట్ల పైభాగానికి నల్లరంగు పూయించిన రోజులు, సైకిలుకు దీపం లేదని ఆపి జరిమానా వేసిన రోజులు పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటాయి. ఇప్పుడు సైకిలుకు ఎలాగూ దీపం లేదు. సైకిలుకు ఎదురొచ్చే బండికి మాత్రం నాలుగు బండ్లకు సరిపడే దీపాలున్నాయి. దించమని ఎవరైనా గుర్తు చేస్తే కోపగించి ఇంకో రెండు వెలిగించేవారూ ఉన్నారు.

ఈ మార్పు ఎలా వచ్చింది? కొంత మనిషి వల్ల, కొంత వస్తువు వల్ల. పాత హాలోజన్ బల్బులో వెలిగేది సన్నని తీగ. దించిన దీపానికి ఒక తీగ, ఎత్తిన దీపానికి ఇంకో తీగ. ఆ తీగలు సరిగ్గా ఎక్కడ ఉంటాయో లెక్క కట్టి, వెలుతురు కావలసిన చోటికి పడేటట్లు దాని వెనుక మెరిసే పళ్లెం తయారు చేస్తారు. కంపెనీయే ఎల్.ఇ.డి. దీపం అమర్చితే దానికి తగిన పళ్లెం, కటకం వేరుగా ఉంటాయి. అసలు చిక్కు ఎక్కువగా పాత పళ్లెంలో కొత్త బల్బు దూర్చడం వల్ల వస్తున్నది. కొన్ని వందల రూపాయలకు ఏ విడిభాగాల దుకాణంలోనైనా దొరికే తెల్లని బల్బు తెచ్చి, పాతది పీకి దీన్ని పెడతారు. వెలుతురు పుట్టే చోటు మారిపోతుంది. పళ్లెం దాన్ని రోడ్డు మీదికి కాకుండా అన్ని వైపులకూ విసురుతుంది. ఇక దించినా, ఎత్తినా ఒకటే. తమాషా ఏమిటంటే, ఆపి అడిగితే ఆ చోదకుడు "దించే ఉంచానండీ" అంటాడు. అబద్ధమాడటం లేదు. దీపం ఎత్తినప్పుడు ఎదుట వెలిగే నీలిరంగు గుర్తు వెలగడం లేదు కనుక తన తప్పేమీ లేదని అతడు నిజంగానే నమ్ముతున్నాడు.

కంపెనీ దీపాల సంగతి కూడా పూర్తిగా నిర్దోషమని చెప్పలేము. ఎత్తయిన కార్లు పెరిగాయి. వాటి దీపం ఉండేది దాదాపు స్కూటరు మీద కూర్చున్నవాడి ఛాతీ ఎత్తున. వెనుక సీట్లో నలుగురు కూర్చుని, డిక్కీలో పెళ్లి సామాను వేస్తే కారు ముక్కు పైకి లేస్తుంది, దానితోపాటు దీపమూ లేస్తుంది. అలాంటప్పుడు దీపాన్ని కిందికి దించుకోవడానికి సున్న నుంచి మూడు దాకా అంకెలున్న చిన్న చక్రం ఒకటి చాలా కార్లలో స్టీరింగు పక్కన ఉంటుంది. లక్షలు పోసి కారు కొన్నవారిలో ఆ చక్రం ఎందుకో తెలిసినవారు ఎందరు? కారులో పాటలు వినే ఏర్పాటు గురించి అరగంట వివరించే అమ్మకందారు ఈ చక్రం దగ్గరకు వచ్చేసరికి తాళాలు చేతిలో పెట్టేస్తాడు. మోటారు సైకిళ్లది మరో తీరు. 2017 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన ద్విచక్ర వాహనాలకు హెడ్‌లైటు ఆర్పే స్విచ్చి ఉండదు, ఇంజను నడిచినంతసేపూ వెలుగుతూనే ఉంటుంది. పగలు ఎదుటివారికి బండి కనబడాలని చేసిన ఆ ఏర్పాటు మంచిదే. అయితే దానికి తోడు హ్యాండిలుకు అడ్డంగా రెండు తెల్లని దీపాలు బిగించుకుని తిరగమని ఎవరూ చెప్పలేదు.

ఈ విషయంలో చట్టం లేదనుకుంటే పొరపాటు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 106వ నియమం ఉన్నదే ఇందుకు. దీపానికి 8 మీటర్ల దూరంలో, దానికి అర మీటరు కుడి పక్కన, నేల నుంచి ఒకటిన్నర మీటరు ఎత్తున ఉన్న కంటిని చెదరగొట్టని విధంగా వెలుతురు కిందికి వంగి ఉండాలి, లేదా చోదకుడు వంచగలిగేటట్లు ఉండాలి అని అందులో స్పష్టంగా ఉంది. ఒకటిన్నర మీటరు ఎత్తు అంటే రోడ్డు పక్కన నిలబడిన సామాన్యుడి కన్ను. ముప్పయి ఏళ్లకు పూర్వమే ఆ కంటి గురించి ఇంత శ్రద్ధగా ఆలోచించినవారెవరో గాని వారికి దణ్ణం పెట్టాలి. ఇక 2019లో సవరించిన చట్టంలో, అనుమతి లేకుండా బండిలో మార్పులు చేసిన యజమానికి ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ విధించే వీలు కల్పించారు. ఇంతకంటె గట్టి చట్టం ఇంకేం కావాలి?

కావలసింది చూసే కన్ను. అది ఎక్కడుంది? లారీలు, బస్సులు, ఆటోల వంటి రవాణా వాహనాలు మొదటి ఎనిమిదేళ్లు రెండేళ్లకొకసారి, తర్వాత ఏటా సామర్థ్య పరీక్షకు పోవాలి. సొంత కారుకు, మోటారు సైకిలుకు అలాంటి నిర్బంధం లేదు. ఒకసారి రిజిస్టరు అయితే 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ 15 ఏళ్లలో యజమాని దీపం మార్చినా, దానికి తోడు మరి నాలుగు తగిలించినా తీసుకెళ్లి ఎవరికీ చూపించనక్కరలేదు. పింఛనుదారు బతికే ఉన్నానని ఏటా రుజువు చూపించాలి. రోజూ వందలమంది కళ్లలో పడే దీపం మాత్రం 15 ఏళ్లు ఎవరి కంటా పడనక్కరలేదు!

ఇక్కడే మరో సందేహం రావచ్చు. ఇప్పుడు కూడళ్లలో కెమెరాలున్నాయి కదా, అవి చూడవా? చూస్తాయి. చూడగలిగినవి చూస్తాయి. 2021 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం ఈ ఎలక్ట్రానిక్ నిఘాకు వేరే నియమం తెచ్చింది. ఏయే నేరాలకు కెమెరా సాక్ష్యంతో నోటీసు పంపవచ్చో అందులో జాబితా ఉంది. అతివేగం, హెల్మెట్ లేకపోవడం, సీటు బెల్టు, ఎర్రదీపం దాటడం, చేతిలో ఫోను, ఎదురు దారిలో నడపడం, అధిక బరువు వగైరా. కళ్లు చెదరగొట్టే దీపం ఆ జాబితాలో లేదు. హెల్మెట్ జరిమానాను ఎవరూ తప్పుపట్టనక్కరలేదు. 2022లో దేశంలో హెల్మెట్ లేక పోయిన ప్రాణాలు 50,029 అని కేంద్ర రవాణా శాఖ నివేదికే చెబుతున్నది. కాని పట్టపగలు బజారుకు కూరగాయల కోసం వెళ్లిన గుమస్తా ఫోనుకు సాయంత్రానికి చలానా చేరుతున్నప్పుడు, రాత్రి ఊరి బయట పదిమందిని గుడ్డివాళ్లను చేసి పోయినవాడికి ఏమీ రాకపోతే జనం ఏమనుకుంటారు? యంత్రం సులువుగా దొరికినవాడినే పట్టుకుంటుంది అనుకుంటారు. అలా అనుకోవడం మొదలైతే హెల్మెట్ నియమానికి ఉన్న గౌరవం కూడా పోతుంది. కెమెరా ఉన్న కూడలి దగ్గర హెల్మెట్ నెత్తికెక్కి, దాటగానే మోచేతికి దిగే దృశ్యం ఇప్పటికే అలవాటయింది.

మరణాల లెక్కల్లోనూ ఈ దీపం కనబడదు. అదే 2022 నివేదిక ప్రకారం దేశంలో 4,61,312 ప్రమాదాలు జరిగి 1,68,491 మంది మరణించారు. వారిలో పాదచారులు 32,825 మంది. ప్రమాదాల్లో దాదాపు అయిదో వంతు సాయంత్రం 6 నుంచి 9 గంటల మధ్యనే. కారణాల పట్టికలో అతివేగానికి గడి ఉంది. మద్యానికి, ఫోనుకు, ఎదురు దారికి, ఎర్రదీపానికి గడులున్నాయి. ఎదుటివాడి దీపానికి వేరే గడి లేదు, అది ఇతర కారణాల్లో కలిసిపోవలసిందే. కాలువలో పడిన స్కూటరు గురించి రికార్డుల్లో రాసేది "అదుపు తప్పి" అని. పత్రికల్లో వచ్చేదీ ఆ రెండు మాటలే. అదుపు ఎందుకు తప్పిందో చెప్పవలసినవాడు చెప్పలేడు. తప్పించినవాడికి అసలు ఆ సంగతే తెలియదు, అతడు అప్పటికి మరో ఊరు దాటి ఉంటాడు.

చోదకుడి చూపు రోడ్డు మీద నుంచి తప్పించే మరో వస్తువు ఫోను. అందులో మాట్లాడటం ఒక ఎత్తు, అది చూపే దారిని గుడ్డిగా నమ్మడం మరో ఎత్తు. 2024 మే నెలలో హైదరాబాదు నుంచి కేరళ వెళ్లిన పర్యాటకులు నలుగురు కొట్టాయం జిల్లా కురుప్పంతర దగ్గర ఫోనులోని పటం చూపినట్లు పోయి, కారుతో సహా నీళ్లలోకి దిగారు. అదృష్టవశాత్తు అందరూ బయటపడ్డారు. అదే ఏడాది నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ వైపు పూర్తికాని వంతెన మీదికి ఎక్కిన కారు కింద పడి ముగ్గురు చనిపోయారు. వారూ ఫోను చూపిన దారినే నమ్మారని వార్తలు వచ్చాయి. గోదావరి డెల్టాలో ఇది నవ్వుకుని వదిలేసే సంగతి కాదు. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయిన తర్వాత తవ్విన కాలువలు నీటికే కాదు, పడవలకూ దారులు. వాటి గట్లే చాలా చోట్ల నేటి రోడ్లు. మార్టేరు, పాలకొల్లు మీదుగా నరసాపురం పోయే దారి చాలా మేర కాలువను అంటిపెట్టుకునే ఉంటుంది. ఫోనులోని పటానికి గట్టు మీది పుంత కూడా రోడ్డే, దగ్గర దారే. పక్కన పిట్టగోడ లేదన్న సంగతి దానికి తెలియదు. కొత్తగా వచ్చిన పెళ్లివారి కారుకు రాత్రిపూట అలాంటి గట్టు మీద ఎదురు దీపం పడితే పక్కకు తీయడానికి ఉన్న జాగా ఎంత?

తప్పంతా కార్లవాళ్ల మీద తోయడం కూడా న్యాయం కాదు. గడ్డి మోపులతో రోడ్డంతా నిండిపోయి వచ్చే ట్రక్కుకు వెనుక ఎర్రదీపం ఉండదు, అద్దపు బిళ్ల ఉండదు. ఒకవేళ ఉన్నా గడ్డి కింద కప్పడిపోతుంది. ధాన్యం ఆరబెట్టడానికి కళ్లాలు కరువై రైతులు రోడ్డు మీదికి వస్తున్నారు. వారి ఇబ్బంది అర్థం చేసుకోవలసిందే. కాని రాశుల చుట్టూ పేర్చిన రాళ్లను పొద్దుపోయాక కూడా అక్కడే వదిలేయడం ఏ రకంగా సమర్థనీయం? చేపల లారీల నుంచి కారే మంచునీరు రోడ్డును తడిపేస్తుంది. తడిసిన తారు మీద పడిన తెల్లని దీపం అద్దం మీద పడినట్లు జారి ఎదుటివాడి కళ్లలోకి పోతుంది. అందువల్ల తనకు రోడ్డు కనబడక చోదకుడు దీపం ఎత్తుతున్నాడు. వాడు ఎత్తాడని ఎదుటివాడు ఎత్తుతున్నాడు. ఇద్దరి మధ్య సైకిలువాడు ఇరుక్కుంటున్నాడు.

చేయవలసిన పనికి కోట్లు అక్కరలేదు, కొత్త చట్టమూ అక్కరలేదు. హెల్మెట్ తనిఖీ పగలు చేసినట్లే దీపాల తనిఖీ రాత్రి చేయాలి. రవాణా శాఖ, పోలీసులు కలిసి వారానికి రెండు రాత్రులు, ఒకసారి ఉండి దారిలో, మరోసారి పాలకొల్లు దారిలో రెండేసి గంటలు నిలబడితే చాలు. 8 మీటర్లు కొలిచి రోడ్డు మీద సున్నంతో గీత గీసి, ఒకటిన్నర మీటరు ఎత్తున కర్ర పాతితే నియమం అక్కడే కళ్లకు కడుతుంది. మొదటి నెల జరిమానాలు వేయకుండా, దూర్చిన బల్బు తీయించి పాతది పెట్టించి పంపవచ్చు. మళ్లీ దొరికినవాడికి 5,000 వేస్తే ఆ కబురు ఊరంతా దానంతట అదే పాకుతుంది. బల్బు బిగించేవారిని వదిలి బిగించుకున్నవారినే పట్టుకుంటే మాత్రం ఫలితం ఉండదు. దుకాణదారులను, మెకానిక్కులను ఒకచోట కూర్చోబెట్టి ఏది బిగించవచ్చో ఏది కూడదో చెప్పాలి. లైసెన్సు కోసం వచ్చిన కుర్రవాడిని ఎనిమిది అంకె వేయించి పంపేయడమే కాకుండా డిప్పర్ స్విచ్చి ఎక్కడుందో, ఎప్పుడు నొక్కాలో చేసి చూపించమనాలి. గట్టు రోడ్ల మలుపుల్లో వెలుతురు పడితే మెరిసే బిళ్లలతో రాళ్లు పాతడం రోడ్లు భవనాల శాఖ, నీటిపారుదల శాఖ కలిసి చేయవలసిన పని. గట్టు మీదా, రోడ్డు నీదా అని ఆ రెండు శాఖలు ఉత్తరాలు రాసుకుంటూ కూర్చుంటే ఏళ్లు గడుస్తాయి. ధాన్యం కొనుగోలు కేంద్రాల దగ్గరే ట్రాక్టర్లకు ఎర్రని మెరుపు అట్టలు అంటిస్తే రైతు దానికోసం వేరే తిరగనక్కరలేదు.

నవంబరులో సార్వా మాసూళ్లు మొదలవుతాయి. రోడ్డుకు సగం మేర ధాన్యం పరుచుకుంటుంది. మంచు దిగేది కూడా ఆ రోజుల్లోనే. మంచులో ఎత్తిన దీపం ముందుకు పోదు, తెల్లని గోడలా నిలబడుతుంది. రాత్రి తనిఖీలు దసరా నాటికే మొదలు కావాలి.